తంగేడు పూల నీళ్లు తాగుతున్నారా? మాత్ర మాత్రం మానకండి

బతుకమ్మకు అందం తెచ్చే పువ్వే ఇప్పుడు ‘షుగరు మందు’గా పొడి ప్యాకెట్లలోకి ఎక్కింది. ఇందులో నిజమెంత? ఎవరు తాగొచ్చు, ఎవరు తాగకూడదు? మీరు కోసింది అసలు తంగేడేనా?

భాద్రపదం ముగింపుకు వచ్చేసరికి కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట చుట్టుపక్కల గుట్టల మీద, చేల గట్ల మీద పసుపు పరుచుకుంటుంది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ తంగేడు లేకుండా బతుకమ్మను పేర్చరు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగానూ ప్రకటించింది. అయితే ఇప్పుడు ఈ పువ్వు కోసం పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరేది బతుకమ్మ పేర్చేవాళ్లు మాత్రమే కాదు. షుగరు ఉన్నవాళ్లు కూడా. పూలు నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, పరగడుపున మరిగించి తాగుతున్నారు. ‘నెల రోజులు తాగితే మాత్రలతో పనే లేదు’ అనే మాట ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి వెళ్తోంది.

ఆ మాటలో సగం పాతకాలపు అనుభవం ఉంది. మిగతా సగంలో ప్రమాదం ఉంది. రెండింటినీ విడదీసి చూద్దాం.

చల్క నేల బిడ్డ

తంగేడు నాటితే పెరిగే మొక్క కాదు, దానంతట అదే మొలిచే పొద. నీళ్లు నిలవని ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు, రాళ్ల గుట్టలు, చివరికి చౌడు భూముల్లోనూ బతుకుతుంది. మనదేశం, శ్రీలంక, మయన్మార్ దీని సొంత నేలలు. తమిళులు ఆవారం అంటారు. సంస్కృతంలో ఆవర్తకి. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులాటా.

మన పెద్దలు ఈ పొదలో ఏ భాగాన్నీ వదల్లేదు. తంగేడు పుల్లతో పళ్లు తోముకున్నారు. ఆకును పచ్చిరొట్టగా పొలంలో తొక్కారు. పూల పొడిని పెసరపిండిలో కలిపి ఒంటికి నలుగు పెట్టుకున్నారు. బెరడులో వగరునిచ్చే టానిన్లు ఎక్కువ. అందుకే ఒకప్పుడు దక్షిణాదిలో తోళ్లు శుద్ధి చేసే పనికి తంగేడు చెక్క ముఖ్యమైన సరుకు. శ్రీలంకలో దీన్ని రణవరా అంటారు, అక్కడ టీలాగా కాచుకుని తాగడం పాత అలవాటే.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు అందిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో జొన్న, సజ్జ, ఆముదం పండిన చేలు క్రమంగా వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరయింది. కడుపు నిండా అన్నం దొరికింది. చిన్న మేలు కాదది. తంగేడు మాత్రం గట్లకు, గుట్టలకు జరిగింది. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం తిని, షుగరు వచ్చాక, అదే గట్టు మీది తంగేడును వెతుక్కుంటున్నాం. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైనే. అదే సర్వే ఆధారంగా 2025లో వచ్చిన మరో పరిశీలన, మనం తినే కేలరీల్లో సగటున 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని తేల్చింది. గ్లాసులో ఏం తాగుతున్నామన్న ప్రశ్నకు ముందు కంచంలో ఏముందో చూడాల్సింది అందుకే.

పరిశోధనలు ఏం చెప్పాయి?

తంగేడుకు షుగరుతో సంబంధం ఉందన్నది ఒట్టి పుకారు కాదు. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం పరిశోధకులు షుగరు తెప్పించిన ఎలుకలకు తంగేడు పూల నీటి సారాన్ని 30 రోజుల పాటు ఇచ్చారు. వాటి రక్తంలో గ్లూకోజు, కొవ్వులు తగ్గాయని 2002లో ప్రచురించారు. 2004లో శ్రీలంక మొక్కల మీద జరిగిన మరో పరిశోధనలో, తంగేడు సారం పేగుల్లో పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమును అడ్డుకుంటుందని తేలింది. షుగరుకు వాడే అకార్బోజ్ మాత్ర పనిచేసేది కూడా ఇలాగే. అన్నం తిన్నాక గ్లూకోజు ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా, నెమ్మదిగా దిగేలా చేస్తుందన్నమాట.

మరి ఇంకేం కావాలి అనుకుంటున్నారా? రెండు విషయాలు గమనించండి.

ఒకటి, ఈ రెండు ప్రయోగాల్లోనూ ఫలితం కనిపించింది ఎలుకల్లో. వాటికి ఇచ్చింది బరువును బట్టి తూచిన సారం. మనం గిన్నెలో గుప్పెడు పూలు వేసి మరిగించే నీళ్లలో మందు గుణం ఎంత దిగిందో కొలిచేవారు ఉండరు. పూసిన కాలం, నేల, ఎండబెట్టిన తీరు, మరిగించిన సేపు మారితే కషాయం బలమూ మారిపోతుంది. ఇవాళ్టి గ్లాసు, రేపటి గ్లాసు ఒకటి కావు. మాత్రలో అయితే మిల్లీగ్రాముల లెక్క పక్కాగా ఉంటుంది.

రెండు, సంప్రదాయ వైద్యం కూడా ఇంటిల్లిపాదినీ ఒకే గ్లాసు తాగమని చెప్పలేదు. సిద్ధ వైద్యంలో షుగరుకు ఇచ్చే ‘ఆవారై కుడినీర్’ కషాయంలో తంగేడు అనేక మూలికల్లో ఒకటి. దాన్ని వైద్యుడు రోగిని చూసి, పాళ్లు చూసి ఇస్తాడు.

‘తాగాక తగ్గింది’ అంటున్నారే?

తగ్గి ఉండొచ్చు. అయితే ఎందుకు తగ్గిందో చూడండి. పొద్దున్నే రెండు చెంచాల చక్కెర వేసుకున్న టీ, సాయంత్రం మరొకటి తాగే మనిషి, వాటి బదులు చక్కెర లేని తంగేడు నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. అంటే రోజుకు నాలుగు చెంచాల చక్కెర మానేశాడు. పూల కోసం గట్ల వెంట తెల్లవారుజామున కిలోమీటరు, రెండు కిలోమీటర్లు నడిచాడు. ‘మందు తాగుతున్నాను కదా’ అని రాత్రి అన్నం కొంచెం తగ్గించాడు. ఈ మూడూ షుగరును తగ్గించేవే. పేరంతా తంగేడుకు వెళ్లింది!

ఇందులో తప్పేమీ లేదు. ఆ మూడు అలవాట్లూ నిలుపుకొంటే మంచిదే. చిక్కంతా, ఆ పరీక్ష కాగితం చూసుకుని మాత్రలు అవతల పెట్టినప్పుడే మొదలవుతుంది.

మాత్ర మానేస్తే ఏమవుతుంది?

షుగరు పెరిగితే నొప్పి పుట్టదు. 250 ఉన్నా, 300 ఉన్నా చాలామందికి ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈలోగా లోపల కంటి రెటీనా, మూత్రపిండాలు, కాళ్ల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. వరి మళ్లలో చెప్పుల్లేకుండా దిగే రైతులకు, కూలీలకు ఇది మరీ ముఖ్యం. పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు దిగినా తెలియదు. బురదలో నానిన పుండు మానదు. వేలు తీసేయాల్సి వచ్చేదాకా వెళ్లే కథలు చాలా వరకు ఇలా మొదలైనవే.

ఇన్సులిన్ మీద ఉన్నవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలు, పెద్దలు ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే రక్తంలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తుగా ఉండటం దాని లక్షణాలు. ఏ పువ్వూ, ఏ ఆకూ ఇన్సులిన్‌కు బదులు కాదు.

మాత్రతోపాటు తాగితే?

ఇక్కడ ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడుతున్నవారు చిక్కటి కషాయం పరగడుపున తాగి, టిఫిను ఆలస్యం చేస్తే గ్లూకోజు మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు బైర్లు కమ్మడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగాలి. పరీక్షించే మిషను దగ్గర లేకపోతే ఆలోచించకుండా ముందు చక్కెర తీసుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. 108కు ఫోన్ చేయండి.

మూర్ఛ మందులు వాడేవారికి ఇంకో హెచ్చరిక. కార్బమాజెపిన్ అనే మందుతోపాటు తంగేడు టీ ఇచ్చిన ఎలుకల రక్తంలో ఆ మందు స్థాయి దాదాపు 47 శాతం పెరిగిందని 2004లో శ్రీలంక పరిశోధకులు ప్రచురించారు. మనుషుల్లోనూ అంతే పెరుగుతుందని దీని అర్థం కాదు. కానీ ఆ మందు మోతాదు కొంచెం పెరిగినా తూలు, మత్తు, చూపు రెండుగా కనిపించడం వంటివి వస్తాయి కాబట్టి ఈ రెండింటినీ కలపకపోవడమే మేలు.

పసుపు పువ్వులన్నీ తంగేడు కాదు

తంగేడుకు దాయాదులు చాలామందే ఉన్నారు. పేర్లూ దగ్గరగానే ఉంటాయి, పూలూ పచ్చగానే ఉంటాయి. గుణాలు మాత్రం వేరు.

తంగేడు: మనిషి ఎత్తు దాకా పెరిగే గుబురు పొద. బెరడు ఎర్రటి గోధుమ రంగు. ఒక్కో రెమ్మకు 8 నుంచి 12 జతల చిన్న ఆకులు, కొసలు మొండిగా ఉంటాయి. రెమ్మ మొదట్లో కొమ్మను అంటుకుని చెవి ఆకారంలో రెండు వెడల్పాటి ఆకులు కనిపిస్తాయి. శాస్త్రీయ నామంలోని ‘ఆరిక్యులాటా’ అన్న మాటకు అర్థం కూడా చెవి ఉన్నదనే. కాయ బల్లపరుపుగా, కాగితంలా పలచగా ఉంటుంది.

కసివింద: పొలం గట్లు, దిబ్బల మీద మొలిచే మొక్క. ఆకులు 3 నుంచి 6 జతలే, పెద్దవి, కొసలు సూదిగా ఉంటాయి. నలిపితే చెడు వాసన. కాయ సన్నగా, కొంచెం వంగి ఉంటుంది. దీని గింజలు పిల్లలకు విషం. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పిల్లలు జ్వరం లేకుండానే స్పృహ తప్పి చనిపోతుంటే, ఈ కాయలు తినడమే కారణమై ఉండొచ్చని 2007లో డాక్టర్ విపిన్ వశిష్ఠ బృందం ప్రచురించింది. 2016లో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. కొందరి మరణాలకు మెదడువాపు కారణం కాగా, మిగతావాటికి ఈ మొక్క గింజల్లోని ఆంత్రాక్వినోన్లే కారణమని నిపుణుల బృందం చెప్పింది. ఇంటి చుట్టూ ఇది మొలిస్తే కాయ పట్టకముందే పీకేయండి. బతుకమ్మ పూలకు వెళ్లే పిల్లలకు దీన్ని చూపించి, కాయలు నోట్లో పెట్టుకోవద్దని చెప్పండి.

నేల తంగేడు: పేరులో తంగేడు ఉన్నా ఇది సునాముఖి. మలబద్ధకానికి వాడే విరేచన మందు. మందుల కొట్టులో ‘తంగేడు’ అని అడిగితే ఇది చేతికి రావచ్చు. రోజూ తాగితే విరేచనాలు పట్టుకుని ఒంట్లో పొటాషియం పడిపోతుంది.

సీమ తంగేడు: నీడ కోసం రోడ్ల పక్కన పెంచే పెద్ద చెట్టు. దీని ఆకుతో చేసిన మాత్రలు నిద్ర కోసం వాడిన థాయిలాండ్‌లో కొందరికి కాలేయం వాచింది. దాంతో వాటిని అక్కడ ఆపేశారు.

పచ్చగన్నేరు: దాయాది కాదు కానీ పువ్వు పచ్చనే. ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి. తుంచితే పాలు కారతాయి. గింజ ఒక్కటి నమిలినా గుండె లయ తప్పే విషం. పూల సంచిలో తంగేడుతో కలిసి వస్తే మొత్తం పక్కన పెట్టేయండి.

పొడి కొట్టాక ఇవన్నీ చూపుకి ఒకేలా ఉంటాయి. అందుకే పేరు, తయారీ వివరాలు, లైసెన్సు నంబరు లేని పొడి ప్యాకెట్లను కొనకండి.

ఎక్కడ కోశారన్నదీ ముఖ్యమే

మిరప, పత్తి చేల గట్ల మీది తంగేడు మీద పురుగుమందు పడుతుంది. హైదరాబాద్ - విజయవాడ రహదారి పక్కన పూసిన పూల మీద లారీల పొగ, దుమ్ము పేరుకుంటాయి. ఈ రెండు చోట్లా కోసినవి పేర్చడానికి పనికొస్తాయి, తాగడానికి కాదు. ఇంకో మాట. ఆడిన బతుకమ్మలోంచి తీసిన పూలను ఎండబెట్టి దాచుకోకండి. పక్కనే ఉన్న గునుగు పూలకు అద్దిన రంగులు వీటికీ అంటుకుంటాయి. ఆ రంగులు తినడానికి చేసినవి కావు.

వీరు తాగొద్దు

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు.
• మూత్రపిండాలు, కాలేయం జబ్బు ఉన్నవారు.
• మూర్ఛ మందులు వాడుతున్నవారు.
• త్వరలో ఆపరేషను ఉన్నవారు.
• తరచూ విరేచనాలయ్యేవారు.
• రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవారు ఆ మాత్రతో కలిపి తాగొద్దు. వగరునిచ్చే టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనీయవు. టీ, కాఫీలకూ ఇదే వర్తిస్తుంది.

తాగి తీరాలనుకుంటే...

షుగరు మాత్రలు వాడుతూ తంగేడు నీళ్లు కూడా తాగాలన్న కోరిక ఉంటే దాన్ని డాక్టరు దగ్గర దాచకండి. ‘తిడతారేమో’ అని దాచిన కషాయమే అన్నిటికన్నా ప్రమాదం. ఎందుకంటే మీ రీడింగులు చూసి మాత్ర పెంచాలో తగ్గించాలో నిర్ణయించే మనిషికి సగం సమాచారం మాత్రమే అందుతుంది. ఈ పద్ధతి పాటించండి.

1. మొదలుపెట్టే ముందు వారం రోజుల రీడింగులు, పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి, కాగితం మీద రాసుకోండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించుకోండి. గత మూడు నెలల సగటును చెప్పే పరీక్ష ఇది. చాలామందికి 7 శాతం లోపు ఉండాలి.

2. డాక్టరుకు చెప్పి, ఆయన సరేనంటేనే తాగండి. పరగడుపున వద్దు. నాలుగైదు పూలు వేసి కాచిన పలచటి నీళ్లు, రోజుకు ఒక కప్పు దాటకుండా, టిఫిను చేశాక తాగండి. బెల్లం, తేనె కలపకండి. ఆ రెండూ చక్కెరే.

3. అన్నం తగ్గించడం, నడక వంటి కొత్త అలవాట్లను కూడా అదే కాగితంలో రాయండి. అప్పుడే దేని వల్ల ఎంత మార్పు వచ్చిందో తేలుతుంది.

4. రీడింగులు నిజంగా తగ్గుతూ వస్తే కాగితం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. మాత్ర తగ్గించాల్సింది ఆయనే. మీకు మీరే సగం విరిచి వేసుకోవడం వద్దు.

5. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కాళ్లు వాచినా, విరేచనాలు ఆగకపోయినా వెంటనే కషాయం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. కాచిన పూలలో కొన్నింటిని వెంట తీసుకెళ్తే డాక్టరుకు చికిత్స సులువవుతుంది.

మాత్రలు కొనే స్థోమత లేక కషాయం వైపు మళ్లినవారూ ఉన్నారు. అలాంటివారు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ, పల్లె దవాఖానాకు గానీ వెళ్లండి. బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేసి మందులు ఇస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపిస్తుంది.

ఒంటికి రాసుకోవడంలో అంత భయం లేదు

పూల పొడిని పెసరపిండిలో కలిపి నలుగు పెట్టుకోవడంలో చాలామందికి ఇబ్బంది ఉండదు. కొత్తగా వాడేటప్పుడు మోచేతి మడత దగ్గర కొంచెం రాసి ఒక రోజు ఆగండి. దురద, దద్దు రాకపోతేనే ముఖానికి వాడండి. కంట్లో పూల రసం పిండటం మాత్రం వద్దు. మన చేతుల్లోని, పువ్వులోని సూక్ష్మజీవులు కనుపాపను పుండు చేస్తాయి. బెణికిన చోట తంగేడాకు నూరి కట్టేముందు ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే తీయించుకోండి. గట్టిగా బిగించిన కట్టు కింద వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే విప్పేయాలి.

తంగేడు వానలు తప్పినా పూసే పొద. ఏ ఎరువూ, ఏ నీరూ అడగదు. షుగరు అలా కాదు. రోజూ చూసుకోవాలి, కొలుచుకోవాలి, వేళకు మాత్ర వేసుకోవాలి. ఈసారి పూలకు వెళ్లినప్పుడు బతుకమ్మకు సరిపడా కోసుకోండి. గట్టు మీది పొదను వేళ్లతో పెరకకుండా వచ్చే ఏడాదికి ఉంచండి. ఇంటికి వచ్చాక టిఫిను ముందు వేసుకోవాల్సిన మాత్ర వేసుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి.